మహాభారత్ సీరియల్‌లో కాలం చేత మాట్లాడించిన గంగాపుత్రుడు: రాహీ మాసూమ్ రజా



బి.ఆర్. చోప్రా గారి మహాభారత్ గుర్తుందా? అమ్మానాన్నలు చిన్నప్పుడు ఆదివారం పొద్దున్నే దూరదర్శన్‌లో చూశారు. మనలో చాలామంది 2020 లాక్‌డౌన్‌లో డీడీ భారతిలో మళ్లీ వేసినప్పుడు చూశాం. ఎపిసోడ్ మొదలవగానే అంతరిక్షం, తిరిగే చక్రం, దాని వెనక నుంచి ఒక గంభీరమైన గొంతు. మనిషి కనిపించడు. ఆ గొంతు తనని తాను కాలంగా పరిచయం చేసుకుని కథ చెబుతుంది.

గొంతు హరీశ్ భిమానీ గారిది. మరి ఆ మాటలు రాసిందెవరు? ఆయన పేరు డాక్టర్ రాహీ మాసూమ్ రజా. ఈ రోజు ఆయన కథ చెప్పుకుందాం.

గంగ ఒడ్డు పిల్లాడు

రజా గారు 1927లో పుట్టారు. ఊరు గంగౌలి. ఉత్తరప్రదేశ్‌లో గంగ ఒడ్డునున్న గాజీపూర్‌కి దగ్గర్లోని పల్లె అది. వాళ్లది షియా ముస్లిం కుటుంబం. చిన్నతనంలోనే పెద్ద జబ్బు చేసి ఒక కాలు దెబ్బతింది, జీవితాంతం కుంటుతూనే నడిచారు. మంచం మీద ఉన్న రోజుల్లో పుస్తకాలే ఆయనకి లోకం. తిలిస్మ్-ఎ-హోష్‌రుబా అనే పేద్ద ఉర్దూ మాయల కథ ఆయన్ని పట్టుకుంది. తర్వాత అలీగఢ్ ముస్లిం యూనివర్సిటీలో దాని మీదే డాక్టరేట్ చేశారు. అక్కడే పాఠాలు కూడా చెప్పారు.

1966లో ఆయన హిందీ నవల ఆధా గావ్ వచ్చింది. దేశ విభజన రోజుల్లో తన సొంత ఊరు ఎలా చీలిపోయిందో అందులో రాశారు. పుట్టిన మట్టి నీది కాదని ఎవరైనా అంటే ఎంత నొప్పిగా ఉంటుందో ఆయనకి ముందే తెలుసన్నమాట. ఈ మాట గుర్తుపెట్టుకోండి, తర్వాత పనికొస్తుంది.

1960ల చివర్లో బొంబాయి వెళ్లి సినిమాలకి రాయడం మొదలుపెట్టారు. అమోల్ పాలేకర్ గోల్‌మాల్ చూసి నవ్వుకున్నారా? ఆ డైలాగులు ఈయనవే. మై తులసీ తేరే ఆంగన్ కీ, లమ్హే సినిమాలకి ఫిల్మ్‌ఫేర్ అవార్డులు కూడా వచ్చాయి.

వద్దన్న మనిషి ఎందుకు ఒప్పుకున్నారు?

చోప్రా గారు మహాభారత్ రాయమని అడిగినప్పుడు రజా గారు టైమ్ లేదని కాదన్నారు. చేతిలో అప్పటికే బోలెడన్ని సినిమాలున్నాయి. చోప్రా గారు మాత్రం వదల్లేదు. పత్రికల వాళ్ల ముందు రచయితగా రజా గారి పేరే ప్రకటించేశారు.

ఇక ఉత్తరాలు మొదలయ్యాయి. మహాభారతం రాయించడానికి హిందువులెవరూ దొరకలేదా అని కోపంగా రాసినవి. చోప్రా గారు వాటిని దాచిపెట్టకుండా రజా గారికే పంపించారు. అవి చదివాక ఆయన మనసు మారిపోయింది. రాసేది తనేనని చోప్రా గారికి కబురు చేశారు. తాను గంగ బిడ్డననీ, ఈ దేశపు సంస్కృతి తనకంటే బాగా ఇంకెవరికి తెలుస్తుందనీ ఆయన వాదన.

ఉత్తరాలు రాసినవాళ్లు ఆయన్ని ఆపాలనుకున్నారు. జరిగింది మాత్రం రివర్స్!

తెర వెనక విశేషాలు

మొదటిది, కాలమే కథ చెప్పడం. మూలంలో చూస్తే వైశంపాయనుడు జనమేజయుడికి చెబుతాడు, దాన్ని సూతుడు నైమిశారణ్యంలో మునులకి మళ్లీ చెబుతాడు. టీవీలో ఇన్ని పొరలు పెడితే ప్రేక్షకుడు తికమకపడతాడు. పోనీ వ్యాసుడి చేత చెప్పిద్దామంటే ఆయన కథలోనే ఒక పాత్ర, ధృతరాష్ట్రుడికీ పాండురాజుకీ కన్నతండ్రి. ఎవరి పక్షమూ లేనిది, అన్నీ చూసింది, ఇంకా బతికే ఉన్నది ఒక్క కాలమే. అందుకే ఈ సీరియల్లో కథ చెప్పే పని కాలానికి దక్కింది. ఆ ఆలోచన రజా గారిదే.

రెండోది, పిలుపులు. పితాశ్రీ, మాతాశ్రీ, భ్రాతాశ్రీ అని అందరం ఇమిటేట్ చేశాం కదా? ఉర్దూ ఇళ్లల్లో అబ్బాజాన్, అమ్మీజాన్ అని పిలిచే మర్యాదని ఆయన సంస్కృతం పోకడలో ఇలా మలిచారని చెబుతారు.

మూడోది, ఆయనకి తోడున్న పెద్దమనిషి. పండిత నరేంద్ర శర్మ అనే ప్రసిద్ధ హిందీ కవి ఈ సీరియల్‌కి శాస్త్రం వైపు దారి చూపించారు. ప్రసారం నడుస్తుండగానే, 1989 ఫిబ్రవరిలో ఆయన కన్నుమూశారు. ఆ పెద్ద దిక్కు పోయాక కూడా రజా గారి కలం ఆగలేదు. 1988 అక్టోబర్ 2న మొదలైన సీరియల్ 94 ఎపిసోడ్లు నడిచి 1990 జూన్ 24న ముగిసింది.

ఇంకో చిన్న విశేషం. శకునిగా వేసిన గూఫీ పెయింటల్ గారే మిగతా పాత్రలకి నటుల్ని వెతికిపెట్టారు. పాచికలే కాదు, పాత్రలూ ఆయన చేతిలోనే ఉన్నాయన్నమాట!

ముగ్గురు తల్లులు

రజా గారు తనకి ముగ్గురు తల్లులని చెప్పుకునేవారు. కన్నతల్లి నఫీసా బేగం, చదువు చెప్పిన అలీగఢ్ యూనివర్సిటీ, మూడో తల్లి గంగ. చనిపోయాక తనని గాజీపూర్ తీసుకెళ్లి గంగ ఒడిలో పడుకోబెట్టమని ఒక కవితలో వీలునామాలా రాసుకున్నారు. 1992 మార్చి 15న గంగకి చాలా దూరంగా, ముంబైలో, ఆయన వెళ్లిపోయారు.

మన తెలుగువాళ్లకి భారతం అంటే నన్నయ, తిక్కన, ఎర్రన. ముగ్గురు కవులు, వేర్వేరు కాలాలు, ఒకటే కథ. ఎవరికి భక్తి ఉంటే, ఎవరు కష్టపడి చదివితే వాళ్ల చేతికి ఆ కలం అందుతూనే వచ్చింది. రజా గారి చేతికీ అలాగే అందింది.

ఈసారి మహాభారత్ చూస్తే, అంపశయ్య మీద భీష్ముడి సీన్ల దగ్గర ఒక్క నిమిషం ఆగండి. తెర మీద మాట్లాడేది గంగాపుత్రుడు. ఆ మాటలు రాసిందీ తనని తాను గంగ బిడ్డ అనుకున్న మనిషే.

జై శ్రీకృష్ణ!