ఇరావతి గారి ఇంట్లో ఇద్దరు

మా ఇంట్లో తెలుగు, గడప దాటితే మరాఠీ. ముత్తాత మగ్గం పని వెతుక్కుంటూ సోలాపూర్ వచ్చినప్పటి నుంచీ ఇంతే. అందుకే 'యుగాంత' మరాఠీలోనే చదివాను. కుంతినీ గాంధారినీ అంత నిర్మొహమాటంగా నిలదీసినావిడ ఎవరా అని వెతికితే, పుస్తకం కన్నా ఆమె బతుకే నన్ను ఎక్కువ పట్టుకుంది. కారణం మా అక్క. ఆ సంగతి తర్వాత చెప్తాను.

ఇరావతీ కర్వే 1905లో బర్మాలో పుట్టారు. అక్కడి నది పేరే ఆమెకు పెట్టారు. ఏడేళ్లకే పుణె హాస్టల్ బడికి పంపేశారు. ఫెర్గూసన్ కాలేజీలో తత్వశాస్త్రం, బొంబాయిలో ఘుర్యే గారి దగ్గర సోషియాలజీ చదివారు. పెళ్లాడింది కెమిస్ట్రీ చెప్పే దినకర్‌ని. ఆయన తండ్రి ఎవరో కాదు, ఆడవాళ్ల కోసం 1916లో విశ్వవిద్యాలయం పెట్టిన ధోండో కేశవ్ కర్వే.

ఇక్కడే నాకు నవ్వూ వచ్చింది, కోపమూ వచ్చింది. 1928లో కోడలు పైచదువుకి జర్మనీ వెళ్తానంటే ఆ మామగారికే ఇష్టం లేకపోయింది! దినకర్ మాత్రం పంపించారు. జీవరాజ్ మెహతా దగ్గర అప్పు తీసుకుని ఆమె వెళ్లారు. బెర్లిన్‌లో గైడు యూజెన్ ఫిషర్‌ది తెల్లజాతే గొప్పదనే వాదం. ఆమె 149 పుర్రెలు కొలిచి, పుర్రె వంకరకీ జాతికీ సంబంధమే లేదని తేల్చారు. పాస్ చేశాడు గానీ అడుగు గ్రేడు ఇచ్చాడు.

తిరిగొచ్చాక కొన్నేళ్లు మామగారి విశ్వవిద్యాలయంలోనే ఆఫీసు పని. 1939 నుంచి చివరిదాకా పుణె డెక్కన్ కాలేజీ. ముగ్గురు పిల్లలు, క్లాసులు, ఊరూరా తిరిగే పరిశోధన, రాత. ఇదంతా ఒక్క ఆడమనిషి మోసిందని పొగడ్డం నాకు నచ్చదు. ఇంటి సంగతులు చాలావరకు దినకర్ చూసుకున్నారు. ఇంట్లో ఆయన దినూ, ఆమె ఇరు. పిల్లలూ అలాగే పిలిచేవాళ్లు. పుణెలో స్కూటరు నడిపిన మొదటి ఆడమనిషి ఆమేనంటారు.

1953లో వచ్చిన ఆమె బంధుత్వాల పుస్తకంలో మనమూ ఉన్నాం. ఉత్తరాదిన పెళ్లికూతురు ముక్కూమొహం తెలియని ఇంటికి పోతుంది, మన వైపు మేనరికం వల్ల తెలిసిన ఇంటికే పోతుందని తేడా విప్పి చెప్పారు. మా అమ్మది మేనరికమే. చదివి వినిపిస్తే, మేనత్త అయితే మాత్రం చాకిరీ తగ్గుతుందా అంది.

ఇక అక్క. కాలేజీలో గంటల లెక్కన పాఠాలు చెప్తుంది. తెల్లారకముందే రొట్టెలు, తర్వాత పిల్లను బడిలో దింపడం, నాలుగు పీరియడ్లు, రాత్రి పేపర్లు దిద్దడం. పీహెచ్‌డీ ఫైలు రెండేళ్లుగా బీరువా మీదే ఉంది. నిద్ర పట్టట్లేదనీ, ఊరికే ఏడుపొస్తోందనీ మొన్న నాతో అంది. ఇది రాయొచ్చా అని అడిగితే రాయమంది. బావ మంచోడే, చదువుకోమనే అంటాడు. రొట్టెలు మాత్రం చెయ్యడు.

ఈ వ్యాసం ముందు బావకే చదివి వినిపించాను. దినకర్ దగ్గర ఇంకోసారి చదవమన్నాడు. మర్నాడు పిల్లను తనే బడిలో దింపాడు. ఇవాళ్టికి నాలుగు రోజులు. నేను లెక్కపెడుతున్నాను.