అళియ రామరాయలు

కందనవోలు, కడప సీమల చరిత్ర 1565 జనవరి 23వ తేదీన పెద్ద మలుపు తిరిగినది. ఆ దినమున కృష్ణానదీ ప్రాంతమున, రక్కసి తంగడి యుద్ధమున నేలకొరిగిన మహావీరుడు అళియ రామరాయలు.

రామరాయలు ఆరవీటి వంశజుడు. కందనవోలు దుర్గమును సాధించిన ఆరవీటి రామరాజు ఆయనకు పితామహుడు. శ్రీకృష్ణదేవరాయల కుమార్తెను పరిణయమాడుటచే, అల్లుడను నర్థమున కన్నడమున 'అళియ' యని ప్రసిద్ధి కెక్కెను. 1542లో అచ్యుతరాయలు మరణింపగా రాజ్యము కల్లోలమయ్యెను. రామరాయలు సలకము తిరుమలయ్యను జయించి, సదాశివరాయలను సింహాసన మెక్కించి, రాజ్యభారమును తానే వహించెను. ఆయన యాదరమున రామామాత్యుడు 1550లో 'స్వరమేళకళానిధి'ని రచించెను.

దక్కను సుల్తానుల పరస్పర కలహములే రామరాయల బలము. ఒకమారు ఒకరికి, మఱియొకమారు మఱియొకరికి తోడ్పడి, అందఱిపై నాధిక్యము సంపాదించెను. గోలకొండ రాకుమారుడు ఇబ్రహీం కుతుబ్ షా ఏడేండ్లు విజయనగరమున నాశ్రయము పొంది, 1550లో స్వరాజ్యమునకు మరలెను. కాని రాయల ప్రాబల్యము పెరిగిన కొలది పొరుగువారికి భయమును పెరిగెను. అహమ్మదునగరు హుస్సేన్ నిజాం షా తన కుమార్తె చాంద్ బీబీని బిజాపురము అలీ ఆదిల్ షా కిచ్చి, షోలాపురపు కోటను అరణముగా నొసగెను. బద్ధశత్రువులు బంధువులైరి. గోలకొండ, బీదరు వారితో గూడిరి. ఒకనాటి యాశ్రితుడును శత్రుపక్షముననే నిలిచెను. దీనిని కేవలము మతయుద్ధ మనరాదు; రాయల సేనలోను మహమ్మదీయ యోధులు పెక్కురుండిరి.

వార్ధక్యమునను రాయలు స్వయముగా రణరంగమున నిలిచెను. శత్రువులకు చిక్కగా, నిజాం షా యాజ్ఞచే శిరచ్ఛేదము జరిగెను. నాయకుడు కూలగానే సేన చెదరెను. తమ్ముడు వేంకటాద్రి యుద్ధమున మడిసెను. మఱియొక తమ్ముడు తిరుమలరాయలు సదాశివరాయలతో, ధనరాశులతో పెనుగొండకు తరలెను. కాపులేని విజయనగరము నెలల తరబడి కొల్లగొట్టబడెను.

378లో రోమను చక్రవర్తి వాలెన్సు, తన రాజ్యమున నాశ్రయము పొందిన గోతులతోనే పోరి ఏడ్రియనోపులు వద్ద నిట్లే మడిసెను. అయినను తూర్పు రోమను రాజ్యము నిలిచినది. ఇచ్చటను తిరుమలరాయలు పెనుగొండ రాజధానిగా ఆరవీటి వంశపాలన నెలకొల్పెను. తరువాత రాజధాని చంద్రగిరికి, వేలూరికి మారినది. కాని 1568లో ఆదవాని బిజాపురమునకు దక్కెను. 1624లో కందనవోలు అబ్దుల్ వహాబు వశమయ్యెను. ఆ శతాబ్ది మధ్యమున గండికోట గోలకొండ సేనాని మీర్ జుమ్లాకు లొంగెను.

రామరాయల శౌర్యము, దక్షత నిస్సందేహములు. అయినను పొరుగువారి యనైక్యముపై నిలిపిన యాధిక్యము, వారు ఏకమైననాడు నిలువలేదు. ఒక్కని భుజముపై నున్న రాజ్యభారము, ఆయనతోడనే నేల కూలెను. మన సీమలోని శిథిల దుర్గములు నేటికిని బోధించు పాఠమిదియే.