చీకటిని దిద్దిన చేయి: జేమ్స్ వాంగ్ హౌ

మన తెలుగువాళ్ళకి తెరమీద వెన్నెలంటే ‘మాయాబజార్’, ఆ వెన్నెల కాయించినవాడు మార్కస్ బార్ట్లీ. అమెరికాలో చీకటికి అలాంటి పేరెవరిదని నన్నడిగితే జేమ్స్ వాంగ్ హౌ అంటాను. మా తెలుగు సంఘం నాటకాలకి లైట్ల పని ఏళ్ళ తరబడి నాకే అంటగట్టారు కనక ఆయన సినిమాలు వెతుక్కుని మరీ చూశాను.

1899లో చైనాలోని కాంటన్ ప్రాంతంలో పుట్టి, అయిదేళ్ళప్పుడు వాషింగ్టన్ రాష్ట్రంలోని పాస్కోకి వచ్చాడు. కుర్రతనంలో బాక్సింగ్ చేశాడు. హాలీవుడ్‌లో కెమెరా గదిలో చిల్లర పనులకి కుదిరాడు. అప్పటి ఫిల్ములో నీలికళ్ళు తెల్లగా పాలిపోయి పడేవి. మేరీ మైల్స్ మింటర్ అనే తారకి ఇదే బెంగ. హౌ నల్ల వెల్వెట్ గుడ్డకి కంత పెట్టి అందులోంచి కెమెరా తిప్పాడు. ఆ నలుపు ఆమె కళ్ళలో ప్రతిఫలించి కళ్ళు నల్లగా వచ్చాయి. దశ తిరిగింది.

1935లో ‘మార్క్ ఆఫ్ ది వాంపైర్’కి కెమెరా ఆయనదే. దెయ్యం అనగానే మనం స్టేజీ మీద ఎర్రలైటు, పొగ గుప్పిస్తాం. హౌ దారి వేరు. లైట్లు తగ్గించి, మనిషిలో సగం చీకటికి వదిలేసేవాడు. కనిపించని ఆ సగాన్ని పూరించుకునే పని ప్రేక్షకుడిది. భయం పుట్టేది అక్కడే. ‘లో కీ హౌ’ అన్న ముద్దుపేరు అలా వచ్చిందే.

ఇంత పేరున్నా ఆయన ఈ దేశ పౌరుడు కాలేకపోయాడు. చైనీయులపై నిషేధ చట్టం 1943లో గానీ పోలేదు. (మనవాళ్ళకి పౌరసత్వపు తలుపు తెరుచుకుంది 1946లో.) రచయిత్రి సనోరా బాబ్‌ని 1937లో పారిస్‌లో పెళ్ళాడితే, ఆమె తెల్లజాతి స్త్రీ కావడంతో కాలిఫోర్నియాలో అది చెల్లలేదు. ఒకే భవనంలో వేర్వేరు వాటాల్లో ఉన్నారు. 1948లో ఆ రాష్ట్ర సుప్రీంకోర్టు ఆ నిషేధాన్ని కొట్టేశాక ఇక్కడ మళ్ళీ చేసుకున్నారు. ఈ భాగం చదివినప్పుడు నాకు ఏ దెయ్యం సినిమాకీ కలగని వణుకు కలిగింది.

‘ది రోజ్ టాటూ’కీ, ‘హడ్’కీ ఆస్కార్లు వచ్చాయి. 1976లో పోయాడు. నాకు నచ్చింది మాత్రం 1966 నాటి ‘సెకండ్స్’. అందులో దెయ్యమూ లేదు, పొగా లేదు. మొహాన్ని సాగదీసే కటకాలతో మామూలు మనుషుల్నే చూడలేకుండా చేశాడు. వీలైతే చూడండి, ఇంట్లో లైట్లన్నీ తీసేసి.