నమ్మకానికీ ఆధారం అడిగిన సురవరం

ఇప్పటి గద్వాల జిల్లా ఇటిక్యాలపాడుకు చెందిన సురవరం ప్రతాపరెడ్డి 1896లో పుట్టారు. ఉర్దూ అధికార భాషగా ఉన్న నిజాం రాజ్యంలో 1926లో తెలుగులో గోలకొండ పత్రిక పెట్టారు. తెలంగాణలో కవులే లేరని ఒకరంటే, కోప్పడి ఊరుకోలేదు. 1934లో 354 మంది కవులతో సంచిక అచ్చేసి చూపించారు.

మతం దగ్గరా అదే పద్ధతి. ‘హిందువుల పండుగలు’లో పండుగల పుట్టుక వెతికారు. ‘రామాయణ విశేషాలు’లో ఇతిహాసాన్ని చరిత్రకారుడిలా పరిశీలించారు. దేవుడు ఉన్నాడా లేడా అన్నది శాస్త్రం తేల్చలేకపోవచ్చు. కానీ దేవుడి పేరుతో చెప్పే కథకు ఒక కాలం, ఒక చోటు ఉంటాయి. వాటిని పరీక్షించవచ్చు. సురవరం చేసింది అదే.

1952లో వనపర్తి ప్రజలు ఆయన్ని శాసనసభకు పంపారు. మరుసటి ఏడాదే కన్నుమూశారు. ప్రశ్న అడిగినవాణ్ణి ఈ నేల వెలివేయలేదు, ఓటేసి గెలిపించుకుంది.