లెక్కకు తెలుగు నేర్పిన పావులూరి మల్లన

గణితమంటే మన పిల్లల్లో చాలామందికి భయం. పరీక్ష గట్టెక్కితే చాలని పిల్లలు, మార్కులు వస్తే చాలని తల్లిదండ్రులు అనుకుంటారు. లెక్క చేయడంలో ఆనందం ఉందనే మాట మన ఇళ్ళలో వినబడటం అరుదు. కానీ సుమారు వెయ్యేళ్ళ క్రితమే మన తెలుగు నేల మీద ఒక పండితుడు లెక్కను పద్యంగా చెప్పి, పొడుపుకథలా విప్పి చూపాడు. ఆయనే పావులూరి మల్లన.

ఇలాంటి పుటల్లో మనం ఖ్వారిజ్మీ, ఇబ్నె సీనా, ఇబ్నె హైసమ్ వంటి విద్వాంసుల జీవితాలు చదువుతుంటాం. వారు పుట్టి పెరిగిన ఊళ్ళు మనకు దూరం, వారు రాసిన భాష మనలో చాలామందికి తెలియదు. మల్లన మన భాష మనిషి. ఆయన ముస్లిం కాదు, శైవుడు. అయినా ఆయన పద్యంలో చెప్పిన ఒక పెద్ద లెక్క, దాదాపు అదే కాలంలో అల్ బిరూనీ అరబీలో తేల్చిన లెక్క ఒక్క అంకె తేడా లేకుండా ఒకటే. నేడు కంప్యూటర్ ప్రోగ్రాములు రాసే మన పిల్లలకు నిత్యం ఎదురయ్యే సంఖ్య కూడా అదే. ఈ మూడూ ఎక్కడ కలిశాయో చూద్దాం.

రాజమహేంద్రవరం నాటి మాట

తూర్పు చాళుక్య రాజు రాజరాజ నరేంద్రుడు 1022లో పట్టాభిషిక్తుడయ్యాడు. ఆయన రాజధాని రాజమహేంద్రవరం. నన్నయ మహాభారతాన్ని తెలుగు చేయడం మొదలుపెట్టింది ఆయన కొలువులోనే. ఆ రాజు పావులూరి మల్లనకు పిఠాపురం దగ్గరి నవఖండవాడ అనే గ్రామాన్ని ఇచ్చాడని ఆ గ్రంథంలోనే ఉంది. ఆ మల్లనే గణిత గ్రంథం రాశాడని కొందరు పండితులు, తాత పేరు పెట్టుకున్న మనుమడు మల్లన రాశాడని మరికొందరు అంటారు. తాతదైనా మనుమడిదైనా ఒక మాట మాత్రం నిజం. తెలుగులో కావ్యాలు ఇంకా తొలి అడుగులు వేస్తున్న రోజుల్లోనే ఆ ఇంటి మనిషి తెలుగుకు లెక్కల పుస్తకం ఇచ్చాడు. శాస్త్ర విషయాల మీద మనకు దొరికిన తొలి తెలుగు గ్రంథాల్లో అది ఒకటి. జనం దాన్ని పావులూరి గణితం అన్నారు.

ఆ గ్రంథానికి మూలం సంస్కృతంలో ఉంది. రాష్ట్రకూట రాజు అమోఘవర్షుడి కాలంలో, సుమారు 850లో, మహావీరాచార్యుడనే జైన పండితుడు గణితసార సంగ్రహం రాశాడు. దాన్నే మల్లన తెలుగులోకి తెచ్చాడు. జైనుడు సంస్కృతంలో కూర్చిన విద్యను శైవుడు తెలుగులో పెట్టాడన్నమాట. ఉదాహరణల్లో తన మతానికి, తన నేలకు తగిన మార్పులు చేసుకున్నాడు గానీ, ఎదుటివాడి విద్య గనుక వద్దనలేదు. ఈ మూల గ్రంథాన్ని 1912లో రంగాచార్య ఇంగ్లీషు అనువాదంతో మద్రాసులో ప్రచురించినప్పుడు, మల్లన తెలుగు అనువాదం సంగతి అందులో ప్రస్తావించారు.

పద్యంలో ఎందుకు?

లెక్కల పుస్తకం పద్యాల్లో ఎందుకని ఈనాటి పిల్లలు అడగవచ్చు. ఆ రోజుల్లో అచ్చు లేదు. తాటాకు అందరి చేతికీ వచ్చేది కాదు. నోటికి వచ్చిన విద్యే విద్య. అరబీ మద్రసాల్లో చదివిన మాబోటి వారికి ఇది కొత్త కాదు. ఇబ్నె మాలిక్ అరబీ వ్యాకరణం మొత్తాన్ని సుమారు వెయ్యి పద్యాల అల్ఫియాగా కూర్చింది కూడా కంఠస్థం చేయడానికే.

కానీ పద్యంలో అంకెలు ఇరికించడం ఎలా? దానికి మన పూర్వులకు ఒక చక్కని ఏర్పాటు ఉంది. చంద్రుడు ఒక్కడే కాబట్టి చంద్రుడంటే 1. వేదాలు నాలుగు కాబట్టి వేదమంటే 4. మన్మథుడి బాణాలు ఐదు కాబట్టి బాణమంటే 5. దిక్కులను మోసే ఏనుగులు ఎనిమిది కాబట్టి ఏనుగంటే 8. ఆకాశం శూన్యం కాబట్టి ఆకాశమంటే సున్నా. ఈ పేర్లను వరుసగా చెబితే సంఖ్య వస్తుంది. మొదటి పేరు ఒకట్ల స్థానం, రెండోది పదుల స్థానం, ఇలా కుడి నుంచి ఎడమకు నడవాలి.

ఉర్దూ తెలిసిన ఇళ్ళలో అబ్జద్ లెక్క గుర్తుకు వస్తుంది. అలిఫ్‌కు 1, బేకు 2 అంటూ ప్రతి అక్షరానికీ ఒక విలువ ఉంటుంది. మసీదు కట్టిన సంవత్సరాన్నో, ఒక పెద్దమనిషి కన్నుమూసిన సంవత్సరాన్నో కవులు ఒక్క పంక్తిలో దాచిపెడతారు. అక్షరాలు కూడితే ఏడాది బయటపడుతుంది. పద్ధతి వేరైనా రెండింటిలోనూ ఉన్న సరదా ఒకటే. మాటలో లెక్కను దాచడం, దాచినదాన్ని విప్పడం.

హారంలాంటి గుణకారాలు

మహావీరుడి పుస్తకంలో గుణకారం నేర్పే చోట కొన్ని విచిత్రమైన లెక్కలున్నాయి. 12345679ని 9తో గుణిస్తే తొమ్మిది ఒకట్లు వరుసగా నిలుస్తాయి. 152207ను 73తో గుణిస్తే ఎనిమిది ఒకట్లు. 142857143ను 7తో గుణిస్తే 1000000001. ఎటునుంచి చదివినా ఒకేలా ఉండే ఇలాంటి జవాబులను ఆయన మెడలో వేసుకునే హారంతో పోల్చాడు. గుణకారం నేర్పడానికి ఏ సంఖ్యలైనా సరిపోతాయి. కానీ జవాబు చూసిన పిల్లవాడి కళ్ళు మెరవాలని ఆ గురువు కోరుకున్నాడు.

అదే పుస్తకంలో ఒక ముడి ఉంది. ముగ్గురు వర్తకులు దారిలో ఒక డబ్బు సంచిని చూశారు. సంచి తనకు దొరికితే మీ ఇద్దరి సొమ్ము కలిపినదానికి రెండింతలు తన దగ్గర ఉంటుందని మొదటివాడన్నాడు. తనకు దొరికితే మూడింతలు అవుతుందని రెండోవాడు, ఐదింతలు అవుతుందని మూడోవాడు అన్నారు. సంచిలో ఎంత? ఒక్కొక్కరి దగ్గర ఎంత? పాఠకులు కాస్త ఆలోచించండి. జవాబు చివర చెబుతాము.

అరవై నాలుగు గళ్ళు

ఇక మల్లన పేరును జనం నోట నిలిపిన లెక్కకు వద్దాం. చదరంగం కనిపెట్టినవాడిని రాజు మెచ్చి ఏం కావాలో కోరుకొమ్మన్నాడట. మొదటి గడిలో ఒక గింజ, రెండో గడిలో రెండు, మూడో గడిలో నాలుగు, ఇలా గడిగడికీ రెట్టింపు చేస్తూ 64 గళ్ళకు ధాన్యం ఇప్పించమన్నాడు అతను. ఇంత చిన్న కోరికా అని రాజు నవ్వాడు. లెక్క వేశాక నవ్వు ఆగిపోయింది.

మొత్తం 1,84,46,74,40,73,70,95,51,615 గింజలు. ఇందులో ఇరవై అంకెలున్నాయి. మల్లన ఈ ఇరవై అంకెలకూ ఇరవై పేర్లు పేర్చి ఒక్క పద్యంలో చెప్పాడు. బాణంతో మొదలై చంద్రుడితో ముగిసే ఆ పద్యంలో ఒక్క అంకె కూడా తప్పిపోదు. వెయ్యి బియ్యపు గింజలు 20 గ్రాములు తూగుతాయనుకుంటే, ఇది సుమారు 37 వేల కోట్ల టన్నులు. మన దేశంలో ఇప్పుడు ఏటా పండే బియ్యం సుమారు 15 కోట్ల టన్నులు. అంటే రెండు వేల నాలుగు వందల ఏళ్ళకు పైబడిన పంట మొత్తం ఆ ఒక్క బల్ల మీద పోయాలి.

ఈ కథ అరబీలో కూడా ప్రసిద్ధమే. ఇబ్నె ఖల్లికాన్ తన జీవిత చరిత్రల గ్రంథంలో షత్రంజ్ ఆటగాడు సూలీ గురించి రాస్తూ దీన్ని చెప్పాడు. అల్ బిరూనీ అయితే దగ్గర దారి చూపాడు. 973లో ఖ్వారిజంలో పుట్టి, 1017లో గజ్నీ చేరి, సంస్కృతం నేర్చుకుని 1030 ప్రాంతంలో కితాబుల్ హింద్ రాసిన విద్వాంసుడాయన. గడిగడికీ రెట్టింపు చేస్తూ పోనక్కరలేదని, ఉన్న సంఖ్యను దానితోనే గుణిస్తే చాలా గళ్ళు ఒక్కసారే దాటవచ్చని ఆయన గ్రహించాడు. రెండును రెండుతో గుణిస్తే 4. నాలుగును నాలుగుతో గుణిస్తే 16. ఆపై 256. ఆపై 65,536. ఆపై 4,29,49,67,296. దాన్ని మరొక్కసారి దానితోనే గుణించి, వచ్చినదానిలో ఒకటి తీసేస్తే మల్లన చెప్పిన సంఖ్యే. అరవైకి పైగా మెట్లు ఎక్కాల్సిన చోట ఆరు మెట్లతో పని అయిపోయింది.

ప్రోగ్రామరుకు ఇందులో ఏముంది?

కంప్యూటరు లోపల కూడా గళ్ళే. ఒక్కో గడిలో సున్నా గానీ ఒకటి గానీ ఉంటుంది. నేటి యంత్రాల్లో ఒక సంఖ్యకు సాధారణంగా 64 గళ్ళు కేటాయిస్తారు. అన్ని గళ్ళలోనూ ఒకట్లు నింపితే వచ్చే అతి పెద్ద సంఖ్య ఎంత? సరిగ్గా మల్లన పద్యంలోని సంఖ్య. చదరంగం బల్ల సగం, అంటే 32 గళ్ళు మాత్రమే వాడిన పాత ప్రోగ్రాములు కొన్ని ఇంకా ఉన్నాయి. వాటిలో ఒక గడి కూడిక, తీసివేత గుర్తుకు పోగా 31 మిగులుతాయి. 1970 జనవరి 1 నుంచి సెకన్లు లెక్కపెట్టే అలాంటి గడియారాలకు 2038 జనవరి 19న చోటు చాలదు. అందుకే వాటిని ముందుగా మార్చుకుంటున్నారు. బిరూనీ ఆరు మెట్ల కిటుకు కూడా పాతబడలేదు. రహస్య సంకేతాల లెక్కల్లో పెద్ద పెద్ద ఘాతాలు తేల్చడానికి ప్రోగ్రామర్లు వాడే దారి అదే.

ప్రోగ్రామరు చేసే పని కంప్యూటరుకు ముందు ఏం చేయాలి, తర్వాత ఏం చేయాలి అని తప్పు లేకుండా వరుసగా చెప్పడం. ఆ వరుసను అల్గారిథం అంటారు. ఖ్వారిజ్మీ పేరే లాటిన్ నోళ్ళలో మారి ఆ మాట అయింది. మల్లన పద్యాలు కూడా అలాంటి వరుసలే. దీన్ని దానితో గుణించు, ఇంత తీసివేయి, మిగిలినదాన్ని ఇంతతో భాగించు అని మెట్టుమెట్టుగా చెబుతాయి.

మన ఇంటి లెక్క

ఖ్వారిజ్మీ బీజగణిత గ్రంథంలో సుమారు సగం వీలునామాలు, వారసత్వ పంపకాల లెక్కలే. మద్రసాలో సిరాజీ చదివిన మాబోటివారు భిన్నాలు నేర్చుకున్నది ఆ మీరాస్ పాఠాల్లోనే. అందులో ఒక ప్రసిద్ధమైన లెక్క ఉంది. చనిపోయిన మనిషికి భార్య, ఇద్దరు కూతుళ్ళు, తల్లి, తండ్రి ఉన్నారు. భార్యకు ఎనిమిదో వంతు, కూతుళ్ళకు మూడింట రెండు వంతులు, తల్లికి, తండ్రికి తలా ఆరో వంతు. ఇరవై నాలుగు భాగాలు చేస్తే 3, 16, 4, 4. కూడితే 27! ఆస్తి కంటే వాటాలు ఎక్కువయ్యాయి. హజ్రత్ అలీ (రజి) మింబర్ మీదే క్షణంలో దీన్ని విప్పారని ప్రసిద్ధి. ఆస్తిని ఇరవై ఏడు భాగాలు చేయాలి. అప్పుడు భార్య ఎనిమిదో వంతు తొమ్మిదో వంతు అవుతుంది, అందరి వాటాలూ సమానమైన పాళ్ళలో తగ్గుతాయి. ఇక్కడ లెక్క తప్పితే ఒక విధవరాలి హక్కో, ఒక ఆడపిల్ల హక్కో పోతుంది.

మల్యాల, జగిత్యాల, కోరుట్ల ప్రాంతాల్లో మన పిల్లలు ఇంట్లో ఉర్దూ, బజారులో తెలుగు, బడిలో ఇంగ్లీషు మాట్లాడతారు. లెక్క ఇంగ్లీషులోనే ఉంటుందని, అది మన ఇంటిది కాదని వారికి అనిపిస్తుంది. బీడీల కట్టలు కట్టి వెయ్యి తేల్చే తల్లి, గల్ఫ్ దీనార్లను మనసులోనే రూపాయలు చేసే తండ్రి ఆ ఇంట్లోనే ఉన్నారు. వారికి లెక్క రాదని పిల్లలు ఎందుకనుకోవాలి? మల్లన చేసిన మేలు ఇక్కడే తెలుస్తుంది. పండితుల భాషలో ఉన్న విద్యను ఆయన ఇంటి భాషలోకి దించాడు. 1587లో ఫైజీ లీలావతి గణితాన్ని ఫార్సీ చేసి అక్బరు కొలువుకు అందించింది కూడా ఇలాంటి పనే. రెండు భాషలు తెలిసినవారి మీద ఈ బాధ్యత ఎప్పుడూ ఉంటుంది.

కాబట్టి తల్లిదండ్రులకు మా మనవి ఇది. వారానికి ఒక్క సాయంత్రం మార్కుల మాట ఎత్తకుండా పిల్లల ముందు ఒక ముడి పెట్టండి. తెలుగులో చెప్పినా, ఉర్దూలో చెప్పినా లెక్క మారదు. ఆడపిల్లలను కూడా పక్కనే కూర్చోబెట్టండి. జవాబు మీరు ముందే చెప్పేయకండి, వారిని తంటాలు పడనివ్వండి.

వర్తకుల ముడికి చిన్న సంఖ్యల్లో జవాబు: సంచిలో 15, వర్తకుల దగ్గర 1, 3, 5. మొదటివాడికి సంచి దొరికితే 16, మిగతా ఇద్దరిదీ కలిపితే 8. తక్కిన రెండు మాటలూ సరిపోయాయో లేదో ఇంట్లో పిల్లలు చూసి చెప్పాలి.