డ్రిల్లు మాస్టారు అడిగిన కానుక

ఊళ్లో హైస్కూలు ఉంటే అందులో ఒక డ్రిల్లు మాస్టారు ఉంటారు. మెడలో ఈల వేసుకుని, సాయంత్రం చివరి గంట కొట్టగానే పిల్లల్ని మైదానంలోకి తోలి, తానూ ఎండలో నిలబడే మనిషి. జీతం కొద్ది, పేరు ఇంకా కొద్ది. అలాంటి బడిపంతులు ఒకరు భారత ఫుట్‌బాల్ జట్టును రెండుసార్లు ఆసియా క్రీడల్లో విజేతగా నిలిపారు. ఆయనే హైదరాబాదుకు చెందిన సయ్యద్ అబ్దుల్ రహీం. ఆటగాళ్లందరికీ ఆయన రహీం సాబ్. 1963 జూన్ 11న ఊపిరితిత్తుల క్యాన్సర్‌తో కన్నుమూశారు. మన పల్లెల్లో ఖాళీ జాగా కనిపిస్తే చాలు వికెట్లు పాతే ఈ కాలపు పిల్లలకు ఆయన పేరు అంతగా తెలియదు. 2024లో ఆయన జీవితంపై మైదాన్ అనే హిందీ సినిమా వచ్చాక కొందరు విన్నారు. సినిమా సంగతి అలా ఉంచి, జరిగిన సంగతులు చెప్పుకుందాం.

రహీం 1909 ఆగస్టు 17న హైదరాబాదులో జన్మించారు. ఉస్మానియా విశ్వవిద్యాలయంలో చదువుకుంటూ అక్కడి జట్టుకు ఆడారు. చదువు పూర్తయ్యాక కాచిగూడ మిడిల్ స్కూల్లో ఉపాధ్యాయుడిగా చేరారు. తరువాత వ్యాయామ విద్యలో డిప్లొమా పొంది దారుల్ ఉలూం హైస్కూలు, చాదర్‌ఘాట్ హైస్కూళ్లలో ఆటల బాధ్యత చూశారు. 1940లలో హైదరాబాదు ఫుట్‌బాల్ సంఘం కార్యదర్శి అయ్యారు. చనిపోయే వరకు ఆ పని వదలలేదు.

1950లో హైదరాబాదు సిటీ పోలీసు జట్టు ఆయన చేతికి వచ్చింది. ఆ రోజుల్లో ఫుట్‌బాల్ అంటే కలకత్తా. పెద్ద క్లబ్బులు అక్కడివే, డబ్బు అక్కడిదే, వేల సంఖ్యలో జనం అక్కడే. అలాంటిది హైదరాబాదు పోలీసులు 1950 నుంచి 1954 వరకు వరుసగా అయిదేళ్లు బొంబాయిలో రోవర్స్ కప్పు గెలిచి ఇంటికి తెచ్చారు.

ఎడమకాలి పోటీలు

రహీం శిక్షణలో విచిత్రాలు ఉండేవి. మనవాళ్లకు బంతి దొరికితే కాళ్ల మధ్య తిప్పుకుంటూ ముగ్గురిని దాటించి చప్పట్లు కొట్టించుకోవాలని సరదా. ఆయన ఆ సరదా మాన్పించడానికి డ్రిబ్లింగ్ నిషేధించి పోటీలు పెట్టారు. బంతి వచ్చిన వెంటనే తోటివాడికి అందించాల్సిందే. కుడికాలి వాటం ఉన్నవాళ్లు ఎడమకాలితోనే తన్నాలని మరో పోటీ. పొట్టి పిల్లలు పొడుగు పిల్లల మధ్య నలిగిపోకుండా ఎత్తును బట్టి వేరే పోటీ. ఖర్చు లేని ఇలాంటి పద్ధతులు పిల్లలతో రోజూ గడిపే పంతులుకే తోస్తాయి కాబోలు.

సికింద్రాబాద్ పక్కన అమ్ముగూడలో బలరాం అనే పేద కుర్రాడు ఉండేవాడు. పూర్తి పేరు తులసీదాస్ బలరాం. అతని ఆట చూసి రహీం హైదరాబాదు శిబిరానికి రమ్మన్నారు. రోజూ అంత దూరం వచ్చి వెళ్లడానికి కుర్రాడి దగ్గర డబ్బు లేదు. సైకిలు అద్దెకు రహీం తానే డబ్బులిచ్చి రప్పించారు. హైదరాబాదు 1956-57లోనూ 1957-58లోనూ సంతోష్ ట్రోఫీ గెలిచింది. ఆ జట్టులో బలరాం ఉన్నాడు. తరువాత ఎక్కువ మంది హైదరాబాదు ఆటగాళ్ల లాగే అతనూ కలకత్తా వెళ్లి ఈస్ట్ బెంగాల్ క్లబ్బులో చేరాడు. తాను తయారుచేసిన కుర్రాళ్లు ఇలా ఒక్కొక్కరే రైలెక్కుతుంటే రహీం మాత్రం ఉన్నచోటే ఉండి మరో కుర్రాణ్ణి వెతుక్కునేవారు. కాని వెళ్లినవాళ్లు ఆయన్ను మరువలేదు.

హెల్సింకిలో పది గోల్స్

1951లో ఢిల్లీలో తొలి ఆసియా క్రీడలు జరిగాయి. రహీం కోచ్‌గా ఉన్న భారత జట్టు ఫైనల్లో ఇరాన్‌ను 1-0తో ఓడించి స్వర్ణ పతకం అందుకుంది. మరుసటి ఏడాదే గర్వభంగం జరిగింది. 1952 హెల్సింకి ఒలింపిక్స్‌లో యుగోస్లావియా చేతిలో 1-10తో ఓడిపోయాం. ఆ చలిలో మనవాళ్లలో పలువురు ఉత్త కాళ్లతో ఆడారు. ఆ తరువాతే దేశంలో బూట్లు తప్పనిసరి చేశారు. గెలిచినప్పుడు పేరు గోల్ కొట్టినవాడిది, ఓడినప్పుడు నింద కోచ్‌ది. ఇది ఆనాడూ ఈనాడూ ఒకటే.

నాలుగేళ్లకు 1956లో మెల్‌బోర్న్ ఒలింపిక్స్. మన జట్టు ఆస్ట్రేలియాను వాళ్ల గడ్డపైనే 4-2తో ఓడించింది. నెవిల్ డిసౌజా మూడు గోల్స్ కొట్టాడు. సెమీ ఫైనల్లో మళ్లీ అదే యుగోస్లావియా చేతిలో 1-4తో ఓడి, చివరికి నాలుగో స్థానంలో నిలిచాం. ఒలింపిక్ ఫుట్‌బాల్‌లో మన దేశం అంతకంటే పైకి ఎన్నడూ పోలేదు. 1960 రోమ్ ఒలింపిక్స్‌లో హంగరీతో 1-2తో ఓడాం, ఫ్రాన్స్‌తో 1-1గా సమానంగా నిలిచాం, పెరూ చేతిలో 1-3తో ఓడాం. అక్కడితో ఇంటిముఖం పట్టాం.

రోమ్‌కు వెళ్లిన జట్టులో రహీం కొడుకు సయ్యద్ షాహిద్ హకీం కూడా ఉన్నాడు. ఒక్క ఆటలోనూ మైదానంలోకి దిగే అవకాశం అతనికి రాలేదు. కొడుకు పక్కన కూర్చుంటే ఊరివాళ్ల పిల్లలు ఆడారు. జట్టు కట్టే చోట ఇలాంటి విషయాలు ఎవరూ పైకి అనరు గాని, అందరూ గమనిస్తారు.

జకార్తాలో ఆ రాత్రి

1962 ఆసియా క్రీడలు ఇండోనేషియా రాజధాని జకార్తాలో జరిగాయి. రహీం అప్పటికే జబ్బుమనిషి. ఆట మొదలైన తీరు కూడా బాగాలేదు. తొలి ఆటలోనే దక్షిణ కొరియా చేతిలో 0-2తో ఓడిపోయాం. థాయిలాండ్‌ను 4-1తో గెలిచాం గాని, వెనుక గోడలా నిలబడే జర్నైల్ సింగ్ తలకు ఆ ఆటలో దెబ్బ తగిలి కుట్లు పడ్డాయి. త్రిలోక్ సింగ్ కాలివేలికి గాయం. గోల్‌కీపర్ పీటర్ తంగరాజ్ ఫ్లూ జ్వరంతో పడుకున్నాడు. జపాన్‌ను 2-0తో దాటి సెమీ ఫైనల్ చేరేసరికి శిబిరం ఆసుపత్రి వార్డులా ఉంది.

దీనికి తోడు బయట గొడవ. ఇండోనేషియా ప్రభుత్వం ఇజ్రాయెల్, తైవాన్ క్రీడాకారులను రానివ్వలేదు. అలాంటప్పుడు వీటిని ఆసియా క్రీడలు అనడం కుదరదని భారత్‌కు చెందిన క్రీడా పెద్ద జి.డి. సోంధీ పట్టుబట్టారు. అక్కడి జనానికి కోపం వచ్చింది. మన రాయబార కార్యాలయంపై దాడి జరిగింది. భారత జట్టు కనిపిస్తే గేలి చేయడం మొదలైంది. తన్నేది బంతి అయినా తిట్లు తినేది దేశం.

రహీం అప్పుడొక సాహసం చేశారు. కుట్లతో ఉన్న జర్నైల్‌ను ఇంటికి పంపలేదు, వెనుక వరుసలోనూ ఉంచలేదు. గోల్స్ కొట్టే ముందు వరుసలోకి పంపారు. జర్నైల్ మారుమాట్లాడలేదు. సెమీ ఫైనల్లో దక్షిణ వియత్నాంపై 3-2తో గెలిచాం. రెండు గోల్స్ కెప్టెన్ చునీ గోస్వామివి, ఒకటి జర్నైల్‌ది.

ఫైనల్లో మళ్లీ దక్షిణ కొరియానే. ముందు రాత్రి ఆటగాళ్లకు నిద్ర పట్టలేదు. ఆ సమయంలో రహీం వాళ్లను ఒకే ఒక్క కోరిక కోరారు. మరునాడు తనకొక కానుక కావాలనీ, అది బంగారు పతకమనీ అడిగారు. ఇన్నేళ్లూ కుర్రాళ్లకు ఇవ్వడమే గాని వాళ్లను ఏమీ అడగని మనిషి. ఈ సంగతిని ఆ ఆటగాళ్లే తరువాత ఎన్నోసార్లు చెప్పుకున్నారు.

ఆ జట్టును ఒకసారి చూడండి. చునీ గోస్వామిది మోహన్ బగాన్, బలరాంది ఈస్ట్ బెంగాల్. కలకత్తాలో ఈ రెండు క్లబ్బుల మధ్య పచ్చగడ్డి వేస్తే భగ్గుమనేది. పి.కె. బెనర్జీ రైల్వే జట్టువాడు. జర్నైల్ పంజాబీ. యూసుఫ్ ఖాన్ హైదరాబాదు పోలీసు. వీళ్లందరినీ ఒక తాటిపై నిలిపింది ఆ మాస్టారే.

1962 సెప్టెంబర్ 4న సెనాయన్ స్టేడియంలో లక్షమంది వరకు జనం. దాదాపు అందరూ మనకు వ్యతిరేకులే. తంగరాజ్ లేచి వచ్చి గోల్ కాశాడు. త్రిలోక్ గాయపడిన కాలితోనే ఆడాడు. 17వ నిమిషంలో పి.కె. బెనర్జీ మొదటి గోల్ కొట్టాడు. 20వ నిమిషంలో రెండోది, అది తలకు కుట్లున్న జర్నైల్‌ది. ఆట ముగియబోతుండగా కొరియా ఒక గోల్ తిరిగి ఇచ్చింది గాని అంతకు మించి చేయలేకపోయింది. 2-1తో మాస్టారి కానుక మాస్టారికి దక్కింది.

ఇంటికి తిరిగి వచ్చాక రహీం ఆరోగ్యం మరింత దిగజారింది. మంచం పట్టారు. తొమ్మిది నెలలు గడిచాయో లేదో ప్రాణం పోయింది. వయసు 53. శిక్షకులకు ఇచ్చే ద్రోణాచార్య అవార్డు 1985లో గాని పుట్టలేదు. అప్పటికి ఆయన పోయి 22 ఏళ్లు. ఆ తరువాతయినా ఆయన పేరున ఇచ్చి ఉండవచ్చు, ఇవ్వలేదు. ఇది హైదరాబాదు ఫుట్‌బాల్ అభిమానులకు తీరని లోటుగానే ఉంది.

ఆసియా క్రీడల ఫుట్‌బాల్‌లో భారత్‌కు మరో స్వర్ణం రాలేదు. 1970లో బ్యాంకాక్‌లో వచ్చిన కాంస్యమే చివరి పతకం. ఆ జట్టు కెప్టెన్ హైదరాబాదుకు చెందిన సయ్యద్ నయీముద్దీన్. శిక్షకుల్లో ఒకరు పి.కె. బెనర్జీ. జకార్తాలో మొదటి గోల్ కొట్టిన ఆ పి.కె. 2020 మార్చిలో మరణించాడు, చునీ గోస్వామి అదే ఏడాది ఏప్రిల్‌లో. సైకిలు అద్దె డబ్బులు అందుకున్న అమ్ముగూడ కుర్రాడు బలరాం కలకత్తా దగ్గరే స్థిరపడి, 2023 ఫిబ్రవరి 16న వెళ్లిపోయాడు.