బిట్టు యాదికుంది, బుక్కే సదవలే

పోటీ పరీక్షలకు తయారయ్యేటోళ్లకు ఈ బిట్టు నోటికే ఉంటది. ప్రజల మనిషి నవల రాసిందెవరు? వట్టికోట ఆళ్వారుస్వామి. నాకూ గట్లనే ఉండె. నాలుగేండ్లు గ్రూప్స్‌కు కోచింగ్ తీసుకున్న. మాడల్ పేపర్లల్ల ఆ ప్రశ్నకు ఎన్నిసార్లు సరైన జవాబు పెట్టిన్నో లెక్కలేదు. కానీ ఆ నవల అట్ట సుత సూడలే.

పోయిన ఎండకాలం మా సోపతిగాని ఇంట్ల ఆ పుస్తకం కనవడితే తెచ్చుకున్న. మొదటి రోజు నాలుగు పేజీలు సదివిన. ఐదో పేజీకి చెయ్యి దానంతటదే ఫోన్ మీదికి వోయింది. ఒక్క రీల్ సూసి వస్త అనుకున్న. తలెత్తి సూసేసరికి గంట దాటింది. రెండోరోజు అంతే, మూడోరోజు అంతే. డిగ్రీ సదివినోన్ని, పరీక్షలు రాసేటోన్ని, పది పేజీలు కుదురుగ సదువలేకపోతున్న. నిజం చెప్తున్న, భయమైంది. పుస్తకం పక్కన వెట్టి, అసలు గీ రాసినాయన ఎవరో తెలుసుకుందామని మొదలువెట్టిన.

ఆళ్వారుస్వామి 1915ల నల్లగొండ జిల్లా నకిరేకల్ దగ్గర చెరువు మాదారంల పుట్టిండు. చిన్నప్పుడే నాయిన సచ్చిపోయిండు. బడికి వోయే వయసుల ఒక పంతులు ఇంట్ల వంట పని చేసిండు. ఆ ఇంట్ల పని చేసుకుంటనే అక్షరాలు పట్టుకున్నడు. తర్వాత బతుకుదెరువుకు విజయవాడ వోయి హోటల్ల సర్వర్‌గ చేసిండు. మనలెక్క డిగ్రీలు లేవు, కోచింగులు లేవు. ఇంగ్లీషు సుత సొంతంగనే నేర్చుకున్నడు. దొరికిన కాగితమల్లా సదివిండు.

అప్పుడు మనది నిజాం రాజ్యం. సర్కారు నౌకరీలల్ల, కచేరీలల్ల ఉర్దూ నడిచేది. మీటింగ్ పెట్టాలన్నా, సొంతంగ బడి తెరవాలన్నా సర్కారు ఇజాజత్ కావాలె. గస్తీ నిషాన్ 53 అని మనం బిట్టు లెక్క సదువుతం సూడుండ్రి, ఆ మీటింగుల ఇజాజత్ సంగతే అది. నూరు మందిల పది మందికి సుత సదువు రాదు. గసుంటి కాలంల హైదరాబాద్‌ల 1901ల శ్రీకృష్ణదేవరాయ ఆంధ్ర భాషా నిలయం పెట్టిండ్రు. 1904ల హన్మకొండల రాజరాజ నరేంద్ర ఆంధ్ర భాషా నిలయం వచ్చింది. పుస్తకాల కాడ కూడుడంటేనే మనుషులు ఒక్కదగ్గర కూడుడు. రాజకీయాలు మాట్లాడనియ్యని రాజ్యంల మనోళ్లు గ్రంథాలయం నుంచే మొదలువెట్టిండ్రు.

ఆళ్వారుస్వామి 1938ల సికింద్రాబాద్‌ల దేశోద్ధారక గ్రంథమాల పెట్టిండు. దేశోద్ధారక అంటే కాశీనాథుని నాగేశ్వరరావు. మనం తలనొప్పికి రాసుకునే అమృతాంజనం ఆయనదే, ఆంధ్రపత్రిక ఆయనదే. ఆ పెద్దమనిషి యాదిల ఆ పేరు పెట్టిండు. చేతిల పైసల్లేవు. అయినా ముప్పైకి పైగ పుస్తకాలు అచ్చేసిండు. తెలంగాణ రాతగాళ్ల పుస్తకాలు అచ్చేసెటోళ్లే దొరకని రోజులు అవి.

అచ్చేసుడు ఒక ఎత్తు, అమ్ముడు ఇంకో ఎత్తు. పుస్తకాల మూట నెత్తిన వెట్టుకొని ఊరూరు తిరిగిండు. నేను దీని మీదనే చానాసేపు ఆగిన. కూరగాయల గంప మోసినట్టు పుస్తకాలు మోసుడు. సదువు రానోళ్ల ఊర్లకు వోయి పుస్తకం కొనుండ్రి అనుడు. ఇయ్యాల మన దగ్గరికి సరుకు డెలివరీ అయినట్టు ఆయన జ్ఞానాన్ని కాలినడకన డెలివరీ చేసిండు. ఊర్ల ఒక్కనికి సదువొస్తే సాలు, ఆడు సదివితే పదిమంది ఇనేటోళ్లు.

పుస్తకాలే కాదు, ఆంధ్ర మహాసభల పనిచేసిండు, కార్మిక సంఘాలు పెట్టిండు. కమ్యూనిస్టు అయ్యిండు. ఏండ్లకేండ్లు జైల్ల ఉన్నడు. నిజామాబాద్ జైల్ల దాశరథి, ఆయన ఒక్కదగ్గరనే ఉన్నరు. దాశరథి తన అగ్నిధార పుస్తకాన్ని ఆళ్వారుస్వామికే అంకితమిచ్చిండు. జైల్ల సూసిన మనుషుల బతుకులే తర్వాత జైలు లోపల అనే కథల పుస్తకమైంది. 1950లల్ల ప్రజల మనిషి వచ్చింది. దాని తర్వాతి కథ గంగు అని మొదలువెట్టిండు గని పూర్తి చెయ్యలేకపోయిండు. 1961 ఫిబ్రవరి 5న పానం ఇడిసిండు. అప్పటికి ఆయనకు 45 ఏండ్లే.

గిదంత తెలిసినంక నాకు సిగ్గనిపించింది. మూట మోసిన మనిషిని నేను ఒక్క మార్కు కోసం మోసిన. మల్ల పుస్తకం పట్టుకున్న. ఫోన్ ఇంట్లనే పెట్టి, పొద్దుగూకే యాళ్లకు బాయికాడికి వోయి సదువుడు మొదలువెట్టిన. మొదటి మూడు రోజులు జేబు తడుముకునుడే సరిపోయింది. నాలుగో రోజు నుంచి దిమ్మెగూడెంల దొర రామభూపాలరావు, ఆ ఊరి వెట్టి, దొరకు ఎదురుతిరిగిన కంఠీరవం నా కండ్ల ముంగట తిరిగిండ్రు. పదిహేడు రోజులల్ల పుస్తకం ఒడిసింది.

ఒకరోజు వాకిట్ల కూసొని మా నాయినమ్మకు రెండు పేజీలు సదివి ఇనిపించిన. ఆమెకు ఎనభై దాటినయ్, అక్షరం ముక్క రాదు. వెట్టి సంగతి రాంగనే ఆమె నన్ను ఆపింది. వాళ్ల నాయిన దొర గడికి కట్టెలు మోసింది, మైలపడ్డదని కూలి ఇయ్యకుండ ఎల్లగొట్టింది, గదంత చెప్పుకుంట వోయింది. ఇన్నేండ్లల్ల నాకు ఒక్కనాడు చెప్పలేదు. చెప్పమని నేను అడగనూ లేదు. మా ఇంటి చరిత్ర నాకు బిట్ బ్యాంకుల దొరకలే, ఒక నవల సదివితే మా నాయినమ్మ నోట్లకెళ్లి బయటికొచ్చింది. ఆమె ఇంకెన్ని రోజులు ఉంటదో తెల్వది. ఇంకొన్ని దినాలు రీల్సే సూసుకుంట కూసుంటే ఆ ముచ్చట ఆమెతోనే మట్టిల కలిసేది.

ఫోన్ ఒక్కదాన్నే తిట్టి లాభం లేదు. మా ఊరి గ్రంథాలయానికి తాళమేసి ఎన్నేండ్లయిందో సర్పంచ్‌కే యాదికి లేదు. కిటికీలకెళ్లి సూస్తే పాత పేపర్లు, చెదలు. పిలగాండ్లకు కూసునే జాగనే లేకపోతే ఫోన్ కాక ఇంకేం పడతరు? కానీ ఒక్క సంగతి తెలుసుకోండ్రి. మనం కట్టే ఇంటిపన్నుల రూపాయికి 8 పైసలు గ్రంథాలయ సెస్సు పోతది. 1960 గ్రంథాలయాల చట్టం కింద వసూలయ్యే పైసలవి. అంటే ఆ తాళమేసిన రూముకు మీ నాయిన ఏడాదికేడాది పైసలు కడుతనే ఉన్నడు.

మేం ఐదుగురం పిలగాండ్లం పంచాయతీకి వోయి ఆ సెస్సు లెక్క అడిగినం. ఇంకా జవాబు రాలే. మల్ల సోమవారం వోతం. ఆలోపల తాళం చెయ్యి ఇయ్యమన్నం, రూమన్న ఊడ్సుకుంటం.

తమ్ముడూ, చెల్లె, మీ ఊర్ల సుత అడుగుండ్రి. జవాబు వచ్చేదాంక ఖాళీగ ఉండకుండ్రి. బిట్టుగ యాదికున్న పుస్తకాలల్ల ఒక్కదాన్నన్న తెచ్చుకొని సదువుండ్రి. ఇంట్ల ముసలోళ్లుంటే పక్కన కూసోవెట్టుకొని, జర గట్టిగ సదువుండ్రి.